బోరాన్ సమ్మేళనాలకు ఐఆర్ (పరారుణ) స్పెక్ట్రం తీయడం ఎలా?

కావలసినవి: ఎఫ్‌టీఐఆర్ మెషీన్ (ఐఆర్ స్పెక్ట్రం తీసే యంత్రం), అగేట్ కల్వం, 13 మి.మీ. డై (పొడిని బిళ్లగా నొక్కే అచ్చు), హైడ్రాలిక్ ప్రెస్, స్పెక్ట్రోస్కోపీ గ్రేడ్ పొటాషియం బ్రోమైడ్. ఆ ఉప్పు 200 మి.గ్రా.కి సాంపిల్ 1 లేదా 2 మి.గ్రా. చాలు; రెండూ కలిపి డైలో నొక్కితే వచ్చే బిళ్లే పెల్లెట్. ఎక్కువ వేస్తే పీకులు (సాంపిల్ కాంతిని పీల్చుకున్న చోట్లు) అడుగుకి తగిలి చదునైపోతాయి.

పొడిని నేరుగా వజ్రం మీద పెట్టి చూసే ఏటీఆర్ ఉండగా ఈ పెల్లెట్ గోలెందుకని కొత్తగా చేరిన పిల్లలు అడుగుతారు. బోరోహైడ్రైడ్లలో బోరాన్-హైడ్రోజన్ పీకులు 2200–2400 సెం.మీ⁻¹ దగ్గర వస్తాయి. ఏటీఆర్‌లోని వజ్రం సొంత శోషణ కూడా ఆ పక్కనే ఉంటుంది. పైగా అందులో పీకుల ఎత్తుల నిష్పత్తి మారిపోతుంది. సాంపిల్‌ను కలిపే నూజోల్ నూనె అయితే మరీ అన్యాయం. దాని 1460, 1377 పీకులు బోరాన్-ఆక్సిజన్ పీకుల నెత్తి మీదే కూర్చుంటాయి. కాబట్టి పెల్లెట్టే.

ఇక అసలు తలనొప్పి తేమ. చెన్నైలో నవంబరు వానల్లో ఏసీ గదిలో కూడా ఉప్పు చెమ్మగిల్లుతుంది. వేరే సాంపిల్ అయితే 3400, 1640 దగ్గర నీటి పీకులు కనిపించి ఊరుకుంటాయి. బోరేట్ గాజుతో (బోరాన్ ఆక్సైడ్‌తో చేసే గాజు) అలా కాదు. బోరాన్ ఆక్సైడ్ నీళ్లు తాగి బోరిక్ ఆమ్లంగా మారిపోతుంది. అంటే మీరు చూసేది మీ గాజును కాదు, క్యారమ్ బోర్డు మీద చల్లుకునే పొడిని!

అందుకని ఉప్పును ముందురోజు రాత్రే 110 డిగ్రీల ఓవెన్‌లో పెట్టండి. తీశాక డెసికేటర్‌లోనే (తేమ లాగేసే మూత పాత్ర) చల్లారాలి, బల్ల మీద కాదు. కల్వాన్ని మాత్రం ఓవెన్‌లో పెట్టకండి, పగులుతుంది. ఐఆర్ ల్యాంప్ కింద గోరువెచ్చగా ఉంచి, అక్కడే నూరండి. ముందు సాంపిల్‌ను విడిగా మెత్తగా నూరి, తర్వాత ఉప్పు కలిపి ఒక్క నిమిషంలో ముగించండి. కబుర్లు చెప్పుకుంటూ పావుగంట నూరితే గదిలో ఉన్న తేమంతా అందులోకే చేరుతుంది. డైలో పోశాక వ్యాక్యూమ్ పెట్టి, గాలి పోయాకే 8 టన్నుల ఒత్తిడి ఇవ్వండి. పెల్లెట్ తెల్లగా మసకబారితే పారేయండి, సర్దుకుపోవద్దు.

మొదట ఉత్త ఉప్పు పెల్లెట్‌తో బ్యాక్‌గ్రౌండ్ తీయండి. సాంపిల్ స్పెక్ట్రం రాగానే 3200, 1195 చూడండి. గాజులో ఆ రెండూ కలిసి లేస్తే బోరిక్ ఆమ్లం చేరినట్టే. మళ్లీ మొదటికి రండి.

చదవడం తేలిక. 1200–1500 మధ్య ఉన్నవి మూడు ఆక్సిజన్లతో కూడిన బోరాన్‌వి, 850–1100 మధ్య నాలుగింటితో కూడినదానివి, 700 దగ్గరది బోరాన్-ఆక్సిజన్-బోరాన్ వంపుది. గాజులో సోడియం ఆక్సైడ్ పెంచేకొద్దీ, సుమారు మూడో వంతు దాకా రెండో గుంపు బలపడుతుంది. చెయ్యి తిరగాలంటే వెలిగారంతో మొదలుపెట్టండి. దాని నాలుగు బోరాన్లలో రెండు ఒక రకం, రెండు మరో రకం. అందులో నీరు సహజంగానే ఉంటుంది కనుక నీటి పీకులు చూసి టెన్షన్ పడకండి.

పీకుకి ఎడమవైపు చిన్న భుజం కనిపిస్తే కల్తీ అని రాసేయకండి. ప్రకృతిలోని బోరాన్‌లో సుమారు 20 శాతం బోరాన్-10, అది తేలిక కాబట్టి కాస్త పైన పలుకుతుంది. బోరాక్సాల్ వలయం (మూడు బోరాన్లు, మూడు ఆక్సిజన్ల ఉంగరం) 806 పీకు కోసం ఇక్కడ వెతికేవాళ్లున్నారు. అది రామన్ స్పెక్ట్రంలో దొరుకుతుంది బాబూ, ఐఆర్‌లో కాదు.

పని అవగానే డైని డిస్టిల్డ్ వాటర్‌తో, తర్వాత అసిటోన్‌తో కడిగి ఆరబెట్టి డెసికేటర్‌లో పెట్టండి. ఉప్పు అంటిన డైని ఈ ఊళ్లో రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకి తుప్పు.