పాత గాయకుడి చేత మళ్ళీ పాడించి రికార్డు చెయ్యాలంటే ఏం చెయ్యాలి

కేసెట్ల కాలంలో సొంతంగా పాటలు రాసుకుని, బాణీ కట్టుకుని పాడి, ఆ తర్వాత ఎవరూ పిలవక ఇంట్లో కూర్చుండిపోయిన మనిషి మీ ఇంట్లోనో మీ వీధిలోనో ఉంటే ఇది మీకే. మాకు మా మామ ఉండాడు, తిరుపతి కొర్లగుంటలో ఇల్లు, 74 ఏళ్ళు, ఒకప్పుడు గంగమ్మ జాతరప్పుడు ఆయన పాటలు మైకుల్లో మోగేవి. పోయిన చలికాలం ఆయన చేత మళ్ళీ ఎనిమిది పాటలు పాడించినాం, యాడ దెబ్బతిన్నామో అది కూడా చెప్తా.

పోగానే రికార్డింగ్ చేద్దాం అని మాత్రం అనొద్దు. నేనట్టే అంటే 'గొంతు పోయిందిలే అబ్బయా' అని టీవీ సౌండు పెంచేసినాడు. దానికి మందు ఏందంటే ఆయన పాట ఆయన ముందరే తప్పుగా పాడాల, నేను చరణంలో ఒక మాట మార్చి పాడితే రెండు లైన్లు ఓర్చుకుని మూడో లైనుకి 'అది కాదురా' అని మొత్తం పాడేసి, లోపలికి పోయి పాత లాంగ్ నోటుబుక్కు తెచ్చినాడు, అందులో ఎప్పుడూ పాడని పాటలు పదకొండు ఉండాయి!

ముందు పాత కేసెట్లు కాపీ చేసుకోండి. కేసెట్ లోపల టేపుని హెడ్డుకి (ప్లేయర్లో టేపుని చదివే ముక్కకి) ఆనించే చిన్న స్పాంజి ముక్క ఉంటుంది, అది ఊడిపోయి ఉంటే సౌండు రాదు, టేపు పాడైపోయిందని పారెయ్యొద్దు, వేరే కేసెట్ డొల్లలోకి టేపు చుట్టని మార్చుకుంటే పనైపోతుంది. తెల్లగా బూజు కనపడితే ప్లేయర్లో పెట్టనే పెట్టొద్దు. హెడ్డుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన ఇయర్ బడ్‌తో తుడిచి, హెడ్డు పక్కన ఉండే చిన్న స్క్రూని పాట ప్లే అవతా ఉండగానే కొంచెం కొంచెం తిప్పి చూడండి, ఒక చోట తాళాల సౌండు ఠంగున తేటగా వస్తుంది, అక్కడ ఆపెయ్యండి. ప్లేయర్ వైరుని ల్యాప్‌టాప్ మైక్ హోల్‌లోకి గుచ్చితే గరగరలాడతాది, యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ (సౌండుని కంప్యూటర్‌లోకి ఎక్కించే చిన్న పెట్టె)లో లైన్ ఇన్‌కి ఇవ్వండి.

మేము బాగా మోసపోయింది స్పీడు దగ్గర. కేసెట్లో మామ రెండున్నర శ్రుతిలో పాడినట్టు వినపడతా ఉంది, సరే అదే శ్రుతి తంబురా యాప్‌లో పెట్టి పాడమంటే పై షడ్జమం దగ్గర గొంతు పట్టేసింది, పాపం ఆయన ముఖం వాడిపోయింది. తర్వాత నింపాదిగా కేసెట్ వింటే 'ఇది నా గొంతు కాదే, పిల్లోడు పాడినట్టుంది' అన్నాడు. ఆయన ఎప్పుడూ రెండు శ్రుతిలోనే పాడేవాడంట, టేపు పరిగెత్తింది అంతే. స్పీడు దాదాపు 6 శాతం ఎక్కువైతే అర మెట్టు పైకి పోతాది, కాబట్టి హార్మోనియం పక్కన పెట్టుకుని ఆయన్నే అడిగి సరిచేసుకోండి.

కొత్త రికార్డింగ్‌కి ఇప్పుడు గొంతు యాడ హాయిగా నిలబడతాదో అక్కడికే శ్రుతి దించండి. మామకి ఒకటి కుదిరింది. అప్పటి గొంతు తేవాలని చూస్తే ఇప్పటిది కూడా పోతుంది, ఈ ముక్క నాకు అర్థం కావడానికి డబ్బులు ఖర్చయినాయి, ఒక స్టూడియోకి పోతే వాళ్ళు గమకాలన్నీ ఇస్త్రీ చేసినట్టు సాపు చేసి ఇచ్చినారు, మామ రెండు నిమిషాలు విని లేచొచ్చేసినాడు.

అందుకే ఇంట్లోనే మేలు. ఇంగ్లండులో షర్లీ కాలిన్స్ అని జానపద గాయని, గొంతు మొరాయించి ఏళ్ళ తరబడి పాటే మానేసి, 38 ఏళ్ళ తర్వాత 2016లో కొత్త ఆల్బమ్ తెచ్చింది, అది కూడా ఆమె ఇంట్లో రికార్డు చేసిందే. స్టూడియో అద్దాల వెనక పిల్లకాయలు చూస్తా ఉంటే పెద్దోళ్ళకి గొంతు రాదు.

గదికి పెద్ద హంగులేం వద్దు, బట్టల బీరువా తలుపులు బార్లా తెరిచి, వెనక గోడకి రెండు బొంతలు వేలాడదీసినాం. మైక్ మామూలు డైనమిక్ చాలు, చిన్న సౌండుని కూడా పట్టేసే కండెన్సర్ మైక్ పెడితే వంటింట్లో కుక్కర్ కూడా కోరస్ పాడతాది. జానెడు దూరంలో, నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకి పెట్టండి, ఎందుకంటే పళ్ళ సెట్టు ఉంటే 'స', 'ష' దగ్గర ఈల వస్తుంది, మామకి అదే జరిగింది, మైక్ పక్కకి జరిపితే సగం తగ్గింది. రికార్డింగ్ సెట్టింగు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు, లెవెల్ గట్టిగా పాడినప్పుడు కూడా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా. ఫ్యాన్ ఆపాల కదా, మన ఎండాకాలంలో అది అయ్యే పని కాదు, డిసెంబరు, జనవరి పెట్టుకోండి. సుప్రభాతం మైకులు ఆగినాక, పిల్లోళ్ళు బడికి పోయినాక పది నుంచి పదకొండున్నర దాకా మాకు బాగా దొరికింది, అప్పుడు కూడా స్టేషన్ వైపు నుంచి రైలు హారన్ రెండుసార్లు పడింది. సాహిత్యం పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసివ్వండి, గోరువెచ్చటి నీళ్ళు పక్కన పెట్టండి, రోజుకి రెండు పాటలకి మించొద్దు.

రికార్డు బటన్ మాత్రం ఆపొద్దు. పాట అయిపోయినాక ఆయన ఊరికే కూనిరాగం తీస్తా 'ఇది ఫలానా జాతరకి పోతా బస్సులో కట్టినా' అంటాడు చూడండి, అట్ట మాకు ఒక పూర్తి పాట దొరికింది.

ఇక హక్కులు. రాసినాయన జీవితకాలం, ఆ పైన 60 ఏళ్ళు సాహిత్యం మీద కాపీరైట్ ఉంటుంది, కానీ పాత కేసెట్లో ఉన్న రికార్డింగ్ కంపెనీది అయ్యుండొచ్చు, దాన్ని యథాతథంగా అప్‌లోడ్ చేసే ముందు అప్పటి కాగితం వెతికి లాయరుకి చూపించండి. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ తర్వాత రాసినోళ్ళు, బాణీ కట్టినోళ్ళు రాయల్టీలో తమ వాటా వదులుకుంటామని సంతకం పెట్టినా చెల్లదు, అది వారసులకో కాపీరైట్ సొసైటీకో మాత్రమే రాసివ్వొచ్చు. ఐపీఆర్ఎస్ (పాటల రాయల్టీ వసూలు చేసి పంచే కాపీరైట్ సొసైటీ)లో రచయితగా, స్వరకర్తగా మెంబర్ అవ్వొచ్చు.

అప్‌లోడ్ చేసేటప్పుడు రచన, సంగీతం, గానం మూడు చోట్లా ఆయన పేరు విడివిడిగా ఎక్కించండి. మామ మొదటి కేసెట్ అట్ట మీద పేరులో ఒక అక్షరం తప్పు పడిందంట, అన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఈసారి ఫోన్ ఆయన చేతికిచ్చి చదివించినా, కళ్ళజోడు పైకి తోసి రెండుసార్లు చూసి 'సరిగ్గానే ఉండాది, నొక్కు' అన్నాడు.