పాత ఎలక్ట్రిక్ గిటార్: ముందు నెక్ చూడాలి, ఆ తర్వాతే శబ్దం

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు చర్చి గాయక బృందాల్లోనో, పెళ్ళిళ్ళకు వెళ్ళే మెలోడీ పార్టీల్లోనో వాయించే మన తెలుగువారికి మంచి గిటార్ అంటే చాలాసార్లు విశాఖ నుంచో కోల్‌కతా నుంచో రైల్లో వచ్చే పాత గిటారే. కొనేవారు మొట్టమొదట దాన్ని యాంప్‌కు (శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్‌కు) తగిలించి నాలుగు కార్డ్‌లు వాయిస్తారు, శబ్దం నచ్చితే బేరంలోకి దిగుతారు. ఈ వరుసను తిరగేయాలని నా గట్టి అభిప్రాయం. గరగరలాడే వాల్యూమ్ నాబ్, వదులైన జాక్ (కేబుల్ గుచ్చే సాకెట్) వంటివి తక్కువ ఖర్చుతో బాగవుతాయి. మెలితిరిగిన నెక్‌ను, అంటే తీగలు సాగే పొడవాటి మెడను, సరిచేయించబోతే మాత్రం ఆ ఖర్చు గిటార్ ధరను మించిపోవచ్చు.

గిటార్‌ను పగటి వెలుతురులోకి తీసుకువెళ్ళి, హెడ్‌స్టాక్‌ను (శ్రుతి చేసే మరలున్న చివరను) కంటికి దగ్గరగా పెట్టుకుని, ఫింగర్‌బోర్డు (నెక్ మీద వేళ్ళు నొక్కే పలక) రెండు అంచుల వెంబడి బాడీ వైపు చూడండి. రెండు అంచులూ ఒకే తీరుగా కొద్దిగా పల్లంగా కనిపిస్తే భయం లేదు, అది ట్రస్ రాడ్‌తో, అంటే నెక్ లోపలి లోహపు కడ్డీని తిప్పి, సరిచేయగల వంపు. ఒక అంచు తిన్నగా ఉండి రెండోది వంగి ఉంటే నెక్ మెలితిరిగినట్టు, ధర ఎంత తగ్గించినా అలాంటిది తీసుకోవద్దు. తర్వాత లావు తీగను మొదటి ఫ్రెట్ (ఫింగర్‌బోర్డు మీది అడ్డ లోహపు పట్టీ) దగ్గర ఒక చేత్తో, నెక్ బాడీతో కలిసే చోట మరో చేత్తో నొక్కి పట్టి, ఏడో ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య ఉన్న సందు చూడండి. అది దాదాపు పావు మిల్లీమీటరు, అంటే ఒక విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే చాలు. ఎక్కువగా ఉంటే తీగలు కాస్త వదులు చేసి, సరిగ్గా పట్టే అలెన్ కీతో ట్రస్ రాడ్‌ను గడియారం తిరిగే వైపు పావు చుట్టు మాత్రమే తిప్పి, మళ్ళీ శ్రుతి చేసి, మర్నాడు చూసుకోవాలి. కొనేముందు అమ్మేవారినే ఆ రాడ్‌ను ఒకసారి కదిపి చూపించమని అడగండి, ఎందుకంటే చివరిదాకా బిగిసిపోయి ఇక తిరగని రాడ్ ఉన్న గిటార్‌కు ముందు ముందు చేయగలిగింది పెద్దగా ఉండదు. బరంపురం పక్కనున్న గోపాల్‌పూర్ తీరం దగ్గర ఉండేవారు వానాకాలం ముందొకసారి, తర్వాతొకసారి ఈ సందు చూసుకోవాలి, గాలిలో తేమ మారితే చెక్కా మారుతుంది.

గిబ్సన్ కంపెనీ లెస్‌పాల్ తరహా గిటార్‌లలో హెడ్‌స్టాక్ వెనక్కి వాలి ఉంటుంది కనుక కిందపడితే నట్ (నెక్ పైకొసన తీగలు ఆనే గాట్ల పట్టీ) వెనుక భాగమే ఎక్కువగా విరుగుతుంది. అక్కడ పాలిష్ కింద వెంట్రుకంత గీత ఏమైనా ఉందేమో గోటితో తడిమి చూడండి. మొదటి మూడు ఫ్రెట్‌ల మీద తీగల ఒరిపిడికి పడ్డ గాడులు లోతుగా ఉంటే ఫ్రెట్‌లు మార్పించే ఖర్చును ధరలోంచి తగ్గించుకోవాలి.

ఇప్పుడు విద్యుత్ భాగానికి వద్దాం. వెంట ఒక మల్టీమీటర్ తప్పక ఉండాలి. గిటార్‌కు కేబుల్ తగిలించి, వాల్యూమ్ నిండుగా తిప్పి, కేబుల్ రెండో కొసన ఉన్న ప్లగ్ మొనకూ మొదలుకూ మధ్య నిరోధం కొలవండి. పికప్ అంటే తీగల కింద ఉండి వాటి కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం. సింగిల్ కాయిల్ (ఒకే చుట్ట ఉన్న) పికప్‌కు సాధారణంగా 5 నుంచి 7 కిలోఓమ్‌లు, రెండు చుట్టలున్న హంబకర్‌కు 7 నుంచి 9, ఘాటైన హంబకర్‌లకు ఇంకా ఎక్కువ కూడా వస్తుంది. 250 లేదా 500 కిలోఓమ్‌ల దగ్గర అంకె వస్తే మీరు చూస్తున్నది వాల్యూమ్ పాట్ (నాబ్ కింద ఉండే, తిప్పితే మారే నిరోధకం) విలువ మాత్రమే, అంటే ఆ పికప్ కాయిల్ తెగిపోయింది లేదా దాని వైరు ఊడిపోయింది. బ్యాటరీతో నడిచే యాక్టివ్ పికప్‌లకు ఈ పరీక్ష పనికిరాదు. యాంప్‌కు తగిలించాక తీగలను చేత్తో ముట్టుకున్నప్పుడు హోరు తగ్గితే బ్రిడ్జ్‌కు (బాడీ మీద తీగలు ఆనే భాగానికి) వెళ్ళే గ్రౌండ్ వైరు బాగున్నట్టు, తగ్గకపోతే ముందు అదే వెతకాలి.

ఉప్పుగాలికి పాట్‌లు, స్విచ్‌లు గరగరలాడడం మన వైపు సాధారణం. ఎలక్ట్రానిక్స్ కోసం చేసిన కాంటాక్ట్ క్లీనర్‌ను పాట్ లోపలికి కొట్టి నాబ్‌ను అటూ ఇటూ చాలాసార్లు తిప్పితే ఎక్కువసార్లు అదే సరిపోతుంది. జాక్ వైరు ఊడితే 40 వాట్ల సోల్డరింగ్ ఐరన్, రోజిన్ ఉన్న 60/40 టంకం చాలు. ఇక్కడ చాలామంది టంకాన్ని ఐరన్ మొన మీద కరిగించి వైరు మీద రాస్తారు, అది నిలవదు. ఐరన్‌ను జాక్ రేకుకూ వైరుకూ కలిపి రెండు మూడు సెకన్లు ఆనించి, ఆ వేడెక్కిన లోహానికే టంకం తీగను తాకించాలి. అప్పుడది నీళ్ళలా పరుచుకుని, చల్లారాక మెరుస్తుంది. మసకగా, ఉండకట్టినట్టు ఉంటే మళ్ళీ వేడిచేయాలి.

యాంప్ విషయంలో మొదటి మాట ప్రాణం గురించి. హోరు వస్తోందని మూడు పిన్నుల ప్లగ్‌లోని ఎర్త్ పిన్ను తీసేసిన యాంప్‌లు కనిపిస్తాయి. గిటార్ తీగలు కేబుల్ ద్వారా యాంప్ ఛాసిస్‌తో (లోపలి లోహపు చట్రంతో) కలిసే ఉంటాయి కాబట్టి, అలాంటి యాంప్‌లో లీకేజీ వస్తే చేయి తీగల మీద ఉండగా పెదవి మైకుకు తగిలిన క్షణంలో కరెంటు ఒంట్లోంచి వెళుతుంది. జనరేటర్ మీద నడిచే పెళ్ళి పందిళ్ళలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఎర్త్ సరిచేయించకుండా ఆ యాంప్‌ను వాడనే వద్దు. అమెరికా నుంచి వచ్చిన యాంప్ వెనుక 120 వోల్టులని రాసి ఉంటే మన 230 వోల్టులకు స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు.

ట్యూబ్ యాంప్‌ను (గాజు వాల్వులతో పనిచేసేదాన్ని) స్పీకర్ తగిలించకుండా మోగించకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. ప్లగ్ తీసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో 300 నుంచి 450 వోల్టుల దాకా నిలిచి ఉండగలదు, కాబట్టి వాటిని రెసిస్టర్ ద్వారా ఖాళీ చేసి మీటర్‌తో నిర్ధారించుకోవడం తెలియనివారు ఛాసిస్ విప్పకూడదు. శబ్దం మార్చుకోవాలనుకుంటే విప్పనవసరం లేని మార్పులతోనే మొదలుపెట్టండి. 12ఏఎక్స్7 అనే ప్రీయాంప్ ట్యూబ్ (సంకేతాన్ని మొదట పెంచేది) గెయిన్ అంకె, అంటే పెంచే మోతాదు, 100, దాని స్థానంలో సుమారు 70 ఉన్న 5751 అనే ట్యూబ్ పెడితే శబ్దం చీరుకుపోవడం తగ్గి భజనలకూ మెలోడీకీ అనువైన శుభ్రమైన స్వరం వస్తుంది. స్పీకర్‌ను నడిపే పవర్ ట్యూబులు మాత్రం బయాస్ (శబ్దం లేనప్పుడు వాటిలో పారే కరెంటు అమరిక) కొలవగలిగినవారితోనే మార్పించాలి. స్పీకర్ మారిస్తే పాతదానికి ఉన్న ఓమ్‌లే కొత్తదానికీ ఉండాలి, వాట్లు పాతదానికన్నా తగ్గకూడదు.

బేరం కుదిరి రైల్లో తెప్పించుకుంటే, తీగలను ఒకటి రెండు స్వరాలు దించి, హెడ్‌స్టాక్ కింద బట్ట మడతపెట్టి అది కదలకుండా కట్టించమని అమ్మేవారికి చెప్పండి. యాంప్ ట్యూబులను తీయించి, ఏది ఏ సాకెట్‌దో రాయించి, విడిగా మెత్తటి గుడ్డలో చుట్టించండి.