చదివినది నిలవాలంటే సినాప్సుకు ఎంత వ్యవధి ఇవ్వాలి

నాగార్జునసాగర్ ఎడమ కాలువ పేరు లాల్ బహదూర్ కాలువ, కుడి కాలువ పేరు జవహర్ కాలువ. నల్లగొండలో గది తీసుకుని గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్న మా అన్న కూతురు ఈ రెండు ముక్కలను ఒక రాత్రి ఇరవై సార్లు వల్లె వేసి, మర్నాడు పొద్దున చాయ్ తాగుతూ నేను అడిగితే రెండింటినీ తారుమారు చేసి చెప్పింది. శ్రద్ధ తక్కువై కాదు, ఆ ఇరవై సార్లూ ఒకే గంటలో పడినందువల్ల అలా జరిగింది.

ఒక నాడీకణం మరో నాడీకణానికి సంకేతాన్ని అందించే సన్నని సందును సినాప్స్ అంటారు. జ్ఞాపకాలు తొలుత రూపుదిద్దుకునే హిప్పోక్యాంపస్‌లో ఆ సంకేతాన్ని ఎక్కువగా గ్లూటమేట్ అనే రసాయనం మోస్తుంది. దాన్ని అందుకునే కణం మీద ఉన్న ఆంపా గ్రాహకాలు మామూలు సంకేతానికే తెరుచుకుంటాయి కానీ, ఎన్‌ఎండీఏ అనే మరో రకం గ్రాహకంలో మెగ్నీషియం బిరడాలా అడ్డుపడి ఉంటుంది. అందుకునే కణం కూడా అదే సమయంలో గట్టిగా ఉత్తేజితమైతేనే ఆ బిరడా ఊడి, కాల్షియం లోపలికి వస్తుంది. దానితో మరిన్ని ఆంపా గ్రాహకాలు సినాప్సులో చేరి, అంతే గ్లూటమేట్‌కు మునుపటికన్నా పెద్ద స్పందన వస్తుంది. సినాప్సులు ఇలా బలపడి గంటల తరబడి నిలవడాన్ని బ్లిస్, లోమో 1973లో కుందేలు మెదడులో చూపించారు.

అయితే ఈ తొలి బలం కొన్ని గంటల్లో సడలిపోతుంది. అది రోజుల పాటు నిలవాలంటే కణకేంద్రకంలోని జన్యువులు పనిలోకి దిగి, కొత్త ప్రోటీన్లు తయారు కావాలి. 2000లో నోబెల్ బహుమతి పొందిన ఎరిక్ కాండెల్ అప్లీసియా అనే సముద్రపు నత్తలో దీన్నే గమనించారు. ఒక్కసారి తగిలిన షాక్ నిమిషాల జ్ఞాపకంగా మిగిలితే, విడివిడిగా పదేపదే ఇచ్చినవి రోజుల తరబడి నిలిచి, కొత్త సినాప్సులు మొలవడానికి కారణమయ్యాయి. పాలమూరు పిల్లలమర్రిని చూసినవారికి ఈ తేడా చెప్పడం సులువు: గాలిలో వేలాడే ఊడ ఒకటి, నేలను పట్టి మానులా లావెక్కిన ఊడ మరొకటి.

కాబట్టి మొదటిసారి ఇరవై నిమిషాలకు మించకుండా చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది తెల్ల కాగితం మీద రాయండి. కాలువల విషయమే తీసుకుంటే, నది పారే వైపు ముఖం పెట్టి నిలబడినట్టు ఊహించి ఆనకట్టను గీసి, మిర్యాలగూడ వైపు ఒక గీత, గుంటూరు వైపు మరో గీత లాగితే, ఎడమ ఏదో కుడి ఏదో బట్టీ పట్టాల్సిన పనే ఉండదు. అదే సాయంత్రం ఒకసారి, మర్నాడు, నాలుగో రోజున, పది రోజుల తర్వాత పుస్తకం తెరవకుండానే మళ్లీ గీయండి. ఈ రోజుల లెక్క నేను వేసుకున్నది. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయినా ఫరవాలేదు కానీ, అన్నిటినీ ఒకే రాత్రిలో కుక్కకూడదు. తిరిగి తిరిగి చదవడం కన్నా ఇలా గుర్తు తెచ్చుకోవడమే మేలని రోడిగర్, కార్పికే 2006లో విద్యార్థులతో చేసిన ప్రయోగం చెబుతుంది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే తిరిగి చదివినవారు ముందున్నారు, వారం తర్వాత మాత్రం తమను తాము పరీక్షించుకున్నవారు ముందుకు వచ్చారు. పరీక్షకు ముందు రాత్రి చదివినవాడికి అంతా వచ్చినట్టే అనిపించడానికి ఆ ఐదు నిమిషాల భ్రమే కారణమని నా అనుమానం.

ఇంకో వెసులుబాటు కూడా ఉంది. బలహీనంగా ఉత్తేజితమైన సినాప్సు కొంతసేపు ఒక గుర్తు పెట్టుకుని ఉంటుందనీ, అదే కణంలో మరో బలమైన ఉత్తేజం వల్ల తయారైన ప్రోటీన్లను అది పట్టుకోగలదనీ ఫ్రే, మోరిస్ 1997లో చూపించారు. కొత్త చోటు చూడడం అలాంటి బలమైన ఉత్తేజం కాగలదు, అందుచేత చదివిన గంటలోపు మీరెన్నడూ చూడని చోటికి, ఉదాహరణకు పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి, వెళ్లి రావడాన్ని సమయం వృథా అనుకోనక్కరలేదు. నిద్ర సంగతి అందరికీ తెలిసిందే, గాఢనిద్రలో హిప్పోక్యాంపస్ పగటి ముద్రలను మళ్లీ నడిపిస్తుంది.

సినాప్సులోని ప్రోటీన్లు కొద్ది రోజుల్లో పాతబడి మారిపోతుంటే, జ్ఞాపకం ఏళ్ల తరబడి ఎలా ఉంటుందన్నది పాత చిక్కుప్రశ్న. బలపడిన సినాప్సులకు కిబ్రా అనే ప్రోటీన్ అంటుకుని, సినాప్సు బలాన్ని నిలిపే పీకేఎం జీటా అనే ఎంజైమును అక్కడే పట్టి ఉంచుతుందని 2024లో ఎలుకలపై జరిగిన పరిశోధన తేల్చింది. అణువులు మారినా ఆ జత కొనసాగుతుంది.

గుర్తు తెచ్చుకున్న జ్ఞాపకం కొంతసేపు మళ్లీ మెత్తబడి, మార్పుకు లోనవుతుందని 2000లో ఎలుకల్లో కనుగొన్నారు. అందువల్ల కాగితం మీద తప్పు దొర్లితే మర్నాటికి వాయిదా వేయకుండా, అప్పుడే పుస్తకం తెరిచి సరిచూసుకుని, ఒకసారి సరిగా రాసి లేవండి. మా అమ్మాయి ఇప్పుడు కాగితం మీద మొదట గీసేది కాలువను కాదు, కృష్ణ పారే వైపు చూపే బాణం గుర్తును.