మెషిన్ పక్కనే సమాధానం: క్యూఆర్ కార్డులు తయారుచేసుకోవడం ఎలా?

ఏడాదికి రెండుసార్లు మార్చే సెట్టింగును ట్రైనింగ్ క్లాసులో ఎంత బాగా చెప్పినా, అవసరం వచ్చేసరికి గుర్తుండదు. అలాంటివాటిని క్లాసులోంచి తీసేసి, పని జరిగే చోటే ఫోన్‌లో దొరికేలా పెట్టండి: మెషిన్ మీద క్యూఆర్ కోడ్ స్టిక్కర్, దాన్ని స్కాన్ చేస్తే సమాధానం ఉన్న పేజీ తెరుచుకోవాలి. ఆ పేజీనే ఇక్కడ కార్డు అంటున్నాం.

నెల రోజులపాటు సూపర్‌వైజర్‌కి వచ్చిన ఫోన్లన్నీ రాసుకోండి. పదేపదే అడిగినవే మీ మొదటి కార్డులు. కార్డుకి ఒక్కటే ప్రశ్న, అదీ ఆపరేటర్ల మాటల్లోనే: "లేబుల్ వంకరగా పడుతోంది, ఏం చేయాలి?" కింద ఐదారు స్టెప్పులు, ప్రతిదానికీ మీ మెషిన్ మీదే తీసిన ఫొటో. మాన్యువల్‌లోని బొమ్మ పెడితే, మీ మోడల్‌లో ఆ నాబ్ వేరే చోట ఉండొచ్చు.

క్యూఆర్ కోడ్ వెడల్పు స్కాన్ చేసే దూరంలో పదో వంతు ఉండాలి: 30 సెంటీమీటర్లకి 3 సెంటీమీటర్లు. కోడ్ తయారుచేసేటప్పుడు ఎర్రర్ కరెక్షన్ (కోడ్ కొంత పాడైనా చదవగలిగే ఏర్పాటు) 'హెచ్' స్థాయిలో పెడితే, సుమారు 30 శాతం చెడినా ఫోన్ చదువుతుంది. ఆయిల్ మరకలు పడేచోట ఇదే పెట్టండి. మెరిసే లామినేషన్ మీద లైటు పడితే స్కాన్ అవకపోవచ్చు, మ్యాట్ వేయించండి. కోడ్‌లో పీడీఎఫ్ లింకు నేరుగా ఇవ్వకండి. మారని వెబ్ అడ్రస్ ఒకటి ఇచ్చి, దాని వెనక పేజీ మార్చుకోండి. లేదంటే ప్రతి సవరణకీ స్టిక్కర్లన్నీ పీకాల్సిందే.

పేజీ కింద సవరించిన తేదీ, బాధ్యుల పేరు తప్పనిసరి. పార్టు మారాక కూడా పాత స్టెప్పులే ఉంటే, వాటిని నమ్మినవాళ్లకే దెబ్బ తగులుతుంది.

ఎమర్జెన్సీ స్టాప్, మంటలు, కరెంట్ షాక్, సీపీఆర్ మాత్రం కార్డులకి వదలకండి. అక్కడ ఫోన్ తీసే వ్యవధి ఉండదు. క్లాసులో మిగిలిన సమయమంతా వీటి ప్రాక్టీసుకే ఇవ్వండి.