ఆస్పర్‌జిల్లస్ రెసిస్టెన్స్ పీసీఆర్: శాంపిల్ పంపే పీజీలకు ల్యాబ్ నుంచి నాలుగు మాటలు

ఊపిరితిత్తుల్లో పెరిగే ఆస్పర్‌జిల్లస్ ఫంగస్ మందులకు లొంగుతుందా లేదా అని దాని జీన్‌లో చూసే టెస్ట్ ఇది. "మేడమ్, రిపోర్ట్ ఎప్పుడొస్తుంది?" అని ఫోన్ చేసే పీజీ డాక్టర్లే ఎక్కువ. మెషిన్ మీద పని కొన్ని గంటలే. ఆలస్యమంతా అంతకు ముందే జరుగుతుంది.

కావాల్సింది బ్రాంకోస్కోపీలో ఊపిరితిత్తిని సెలైన్‌తో కడిగి తీసిన బాల్ ద్రవం. బయాప్సీ చేస్తుంటే ఒక్క ముక్కైనా సెలైన్‌లో వేసి పంపండి. "సిస్టర్, ఇది మైక్రోబయాలజీకి, ఫార్మలిన్ వద్దు" అని ప్రొసీజర్ మొదలవక ముందే చెప్పాలి. తర్వాత చెబుదామనుకుంటే అప్పటికే ఫార్మలిన్ డబ్బాలో మునిగిపోయి ఉంటుంది. మే నెల ఎండలో దిల్‌సుఖ్‌నగర్ నుంచి అమీర్‌పేట దాకా బైక్ మీద వచ్చే శాంపిల్‌కు ఐస్ ప్యాక్ లేకపోతే ఎలా? అదే బాల్‌లోంచి కల్చర్‌కు, గెలాక్టోమన్నన్‌కు (ఆస్పర్‌జిల్లస్ కణం గోడలోని పదార్థాన్ని పట్టే టెస్టు) కూడా కొంత ఉంచండి.

ఫారంలో ఉత్త 'ఫంగల్ పీసీఆర్' అని రాస్తే ఫంగస్ ఉందా లేదా అన్నదే చూస్తారు. 'ఫ్యూమిగేటస్, సిప్51ఏ మ్యుటేషన్లు' అని విడిగా రాయండి. ఫ్యూమిగేటస్ అంటే ఆస్పర్‌జిల్లస్‌లో ఒక జాతి, సిప్51ఏ అంటే ఏజోల్ మందులు (వోరికోనజోల్ లాంటి ఫంగస్ మందులు) గురిపెట్టే జీన్. పేషెంట్ ఎప్పుడూ ఏజోల్ మందు వాడలేదు కదా అని వదిలేయొద్దు. పొలాల్లో చల్లే ఏజోల్ మందుల వల్ల మట్టిలోనే రెసిస్టెన్స్ పుడుతుంది. మన దేశంలో టీఆర్34/ఎల్98హెచ్ అనే సిప్51ఏ మ్యుటేషన్ ఉన్న రకం దొరికిందని 2012లోనే పేపర్లు వచ్చాయి.

ఇక రిపోర్ట్. టీఆర్34 గానీ, టీఆర్46 అనే మరో మ్యుటేషన్ గానీ కనిపిస్తే వోరికోనజోల్ మీద ఆశ పెట్టుకోకండి. మామూలుగా ఏజోల్ కాని లైపోసోమల్ యాంఫోటెరిసిన్‌కు మారుస్తారు. అసలు తికమక 'ఆస్పర్‌జిల్లస్ ఉంది, సిప్51ఏ రాలేదు' అని వచ్చినప్పుడే. ఈ టెస్టులో ఫంగస్‌ను పట్టే భాగం వెతికే రైబోసోమల్ జీన్‌కు ప్రతి కణంలో బోలెడు కాపీలు ఉంటాయి, సిప్51ఏకు ఒక్కటే. ఫంగస్ తక్కువున్న శాంపిల్‌లో మొదటిది దొరుకుతుంది, రెండోది దొరకదు. అంటే రెసిస్టెన్స్ సంగతి తేలలేదని అర్థం. దాన్ని 'సెన్సిటివ్' అని కేస్ షీట్‌లో ఎక్కించేవాళ్లను చూస్తే నాకు బీపీ పెరుగుతుంది!

మన దగ్గర ఫ్లేవస్ అనే ఇంకో ఆస్పర్‌జిల్లస్ జాతి కూడా తక్కువేం కాదు. ఈ కిట్లు చూసేది ఫ్యూమిగేటస్ మ్యుటేషన్లనే. షుగర్ పేషెంట్‌లో మ్యూకర్ (బ్లాక్ ఫంగస్) అయితే వోరికోనజోల్ ఎలాగూ పనిచేయదు, ఈ టెస్టుతో పనే లేదు.

మ్యుటేషన్ లేదని వచ్చినా పేషెంట్ కోలుకోకపోతే వోరికోనజోల్ లెవెల్ పంపండి, డోస్ ఇవ్వబోయే ముందు తీసిన రక్తంతో. లీటరుకు 1 నుంచి 5.5 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. ఈలోపు కల్చర్‌లో ఏదైనా పెరిగితే మేమే ఫోన్ చేస్తాం, ఫారం మీద మీ నంబరు రాసి ఉంటే.