పిండిన తల్లిపాలను ఇంట్లో, ఆఫీసులో ఎలా నిల్వ చేయాలి?

బయట 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు, ఫ్రీజర్‌లో 6 నెలలు. తల్లిపాల నిల్వ గురించి ఎవరిని అడిగినా ఈ లెక్కే చెబుతారు. లెక్క సరైనదే. కాకపోతే మొదటి అంకె 25 డిగ్రీలు, అంతకన్నా చల్లగా ఉండే గదికి చెప్పినది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో అంత చల్లదనం అర్ధరాత్రి కూడా దొరకదు. ఇక ఫ్రిజ్ సంగతంటారా, ఇంటిల్లిపాదీ మంచినీళ్ల సీసా కోసం గంటకు నాలుగుసార్లు తలుపు తీస్తూనే ఉంటారు. అందుకే గడువుల్ని మన ఇళ్లకు తగ్గట్టు కాస్త బిగించి వాడుకోవడం మంచిది.

ఇక్కడ చెప్పేవన్నీ నెలలు నిండి పుట్టి, ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైనా, ఆసుపత్రిలో ఉన్న బిడ్డకైనా అక్కడి డాక్టరు, నర్సు చెప్పిన గడువే పాటించాలి. అది ఇంతకన్నా తక్కువ ఉండవచ్చు.

1. ముందు చేతులు, తర్వాత పాలు పిండే పంపు

సబ్బుతో కనీసం 20 సెకన్లు చేతులు కడుక్కోండి. చేత్తో పిండుకునేవారికి వెడల్పు మూతి ఉన్న శుభ్రమైన స్టీలు గిన్నె చాలు. పంపు వాడేవారు వాడిన ప్రతిసారీ పాలు తగిలే భాగాలన్నీ విడదీసి, మామూలు నీళ్లతో తొలిచి, సబ్బునీళ్లతో కడగాలి. వీటిని అంట్ల సింకులో వేయకండి. ఒక చిన్న టబ్బు, ఒక బ్రష్షు దీనికే కేటాయించండి. కడిగాక చేతిగుడ్డతోనో చీర కొంగుతోనో తుడిచేస్తే కడిగిన ఫలితం పోయినట్టే. శుభ్రమైన బట్ట మీద బోర్లించి, గాలికి పూర్తిగా ఆరనివ్వండి. బిడ్డకు రెండు నెలలు నిండేవరకు రోజుకోసారి ఆ భాగాల్ని మరిగే నీళ్లలో 5 నిమిషాలు ఉంచి తీయడం మేలు. పంపు గొట్టాన్ని మాత్రం మరిగించకూడదు.

పిండితే పాలు తగ్గిపోతాయని ఇంట్లో పెద్దవాళ్లు భయపెట్టవచ్చు. జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. రొమ్ము ఖాళీ అయినకొద్దీ పాలు ఊరతాయి.

2. కొద్దికొద్దిగా నింపి, తేదీ రాయండి

గట్టి మూత ఉన్న గాజు సీసా, ఆహారానికి పనికొచ్చే గట్టి ప్లాస్టిక్ డబ్బా, లేదా తల్లిపాల కోసమే అమ్మే సంచులు వాడండి. కూరగాయలు తెచ్చిన పాలిథిన్ కవర్లు పనికిరావు. ఒక్కో దాంట్లో 60 నుంచి 120 మిల్లీలీటర్లు చాలు. మరీ చిన్న బిడ్డయితే 30 మిల్లీలీటర్లవి కూడా కొన్ని పెట్టుకోండి, వృథా తగ్గుతుంది. ఫ్రీజర్‌లో పెట్టేవాటికి పైన ఒక అంగుళం ఖాళీ వదలాలి. పాలు గడ్డకట్టేటప్పుడు ఉబ్బుతాయి. అంచుదాకా నింపిన గాజు సీసా పగిలిపోతుంది.

పిండిన తేదీ, సమయం చెరగని సిరాతో రాయండి. బిడ్డను క్రెష్‌లో వదిలేవాళ్లయితే బిడ్డ పేరు కూడా. ఉదయం చల్లబరిచిన పాలల్లో మధ్యాహ్నం పిండినవి కలపాలనుకుంటే, కొత్తవాటిని విడిగా ఫ్రిజ్‌లో చల్లార్చాకే కలపండి. గడువు పాత పాల సమయం నుంచే లెక్క.

3. వెంటనే చల్లబరచండి

చల్లని గదిలో 4 గంటలదాకా ఉంచవచ్చు. వేసవిలో మాత్రం ఆ వెసులుబాటు వాడుకోకండి. పిండిన గంటలోపే ఫ్రిజ్‌లోకో ఐస్ ప్యాక్‌లు వేసిన చల్లని పెట్టెలోకో చేర్చేయండి. తడిగుడ్డ చుట్టి కిటికీలో పెట్టడం, మంచినీళ్ల కుండ పక్కన పెట్టడం లాంటివి నమ్ముకోదగ్గవి కావు.

ఫ్రిజ్‌లో తలుపు అరలు పాలసీసాకు సరిగ్గా సరిపోతాయి, అందరి చెయ్యీ అక్కడికే వెళుతుంది. కానీ తలుపు తెరిచినప్పుడల్లా ముందుగా వేడెక్కేది ఆ అరలే. లోపలి అరలో, వెనక గోడ వైపు పెట్టండి. పచ్చి మాంసం, చేపలు, దోసెల పిండి దగ్గర కాకుండా, మూత ఉన్న ఒక పెద్ద డబ్బాలో అన్నీ కలిపి ఉంచితే ఇంకా మంచిది. 4 డిగ్రీల చల్లదనం నిలిచే ఫ్రిజ్‌లో 4 రోజులు ఉంటాయి. తరచూ కరెంటు పోయే ఊళ్లో ఉంటే నేనైతే 3 రోజులే అంటాను. అంతలో వాడరనుకుంటే నాలుగో రోజుదాకా ఆగకుండా ఫ్రీజర్‌లోకి మార్చండి.

ఫ్రీజర్ విషయంలో ఒక మెలిక ఉంది. 6 నెలల మాట, తప్పనిసరైతే 12 నెలల మాట, మైనస్ 18 డిగ్రీలు నిలిచే ఫ్రీజర్‌కు చెప్పినవి. అంటే ఫ్రీజర్‌కు విడిగా తలుపున్న డబుల్ డోర్ ఫ్రిజ్‌లు, విడి ఫ్రీజర్లు. మనలో చాలామంది ఇళ్లలో ఉండేది సింగిల్ డోర్ ఫ్రిజ్. అందులో పైన ఉండే మంచు పెట్టె అంత చల్లగా ఉండదు, పైగా కింది తలుపు తీసినప్పుడల్లా దానికీ వేడి తగులుతుంది. అందులో రెండు వారాలకు మించి ఉంచకండి. మంచు పేరుకుపోయిందని ఎవరైనా డీఫ్రాస్ట్ బటన్ నొక్కితే మీ నిల్వంతా ఒక్క పూటలో కరిగిపోతుంది. ఆ బటన్ పక్కన ఒక చీటీ అంటించండి.

4. ఆఫీసులో

చట్టం ప్రకారం తిరిగి ఉద్యోగంలో చేరిన తల్లికి బిడ్డకు 15 నెలలు వచ్చేవరకు రోజుకు రెండుసార్లు పాలివ్వడానికి విరామం ఉంది. ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణతో 50 మంది, అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న చోట శిశు సంరక్షణ గది కూడా తప్పనిసరి చేశారు. అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు.

పిండిన పాలు ఆఫీసు ఫ్రిజ్‌లో పెట్టవచ్చు. చూసేవాళ్లు ఏమనుకుంటారోననిపిస్తే బయటికి కనిపించని సంచిలో పెట్టండి. ఫ్రిజ్ లేకపోతే గడ్డకట్టిన ఐస్ ప్యాక్‌లు వేసిన చల్లని పెట్టెలో, సీసాలకు ఐస్ ఆనుకునేలా ఉంచితే 24 గంటలు ఆగుతాయి. ఇంటికి చేరగానే ఫ్రిజ్‌లోకి మార్చండి.

5. కరిగించడం, గోరువెచ్చ చేయడం

పాలు అనగానే పొయ్యి మీద పెట్టి ఒక పొంగు రానివ్వడం మన చేతికి పుట్టుకతో వచ్చిన అలవాటు. బిడ్డను చూసుకునే అమ్మమ్మకో నాయనమ్మకో ముందుగానే చెప్పాల్సిన మాట ఇదే: తల్లిపాలు కాచకూడదు. కాస్తే బిడ్డను జబ్బుల నుంచి కాపాడే గుణాలు చాలావరకు పోతాయి. మైక్రోవేవ్‌లోనూ వద్దు. అందులో పాలు ఒకచోట చల్లగా, మరోచోట నోరు కాలేంత వేడిగా తయారవుతాయి, సీసా పట్టుకుంటే మాత్రం తెలియదు.

గడ్డకట్టిన పాలు ముందురోజు రాత్రే ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్‌లోకి దించితే పొద్దుటికి కరుగుతాయి. అన్నిటికన్నా పాత తేదీది ముందు తీయండి. తొందరగా కావాలంటే మూత బిగించిన సీసాను గోరువెచ్చని నీళ్ల గిన్నెలో నిలబెట్టండి. నీళ్లు మూతదాకా రాకూడదు. చల్లారితే నీళ్లు మార్చండి. సంచి అయితే ఎక్కడైనా చిల్లి పడి కారవచ్చు, గిన్నెలో పెట్టే కరిగించండి.

పైన మీగడలా ఒక పొర, కింద నీలంగా పలచని పాలు కనిపిస్తే విరిగిపోయాయని పారబోయకండి. కొవ్వు పైకి తేలిందంతే. సీసాను నెమ్మదిగా గుండ్రంగా తిప్పితే కలిసిపోతుంది. మణికట్టు లోపలి వైపు ఒక చుక్క వేసుకుని చూడండి, వేడి తెలియకూడదు. బిడ్డ తాగితే చల్లగా పట్టినా తప్పులేదు.

ఫ్రిజ్‌లో పూర్తిగా కరిగిన పాలను 24 గంటల్లో వాడేయాలి. గది వేడికి తెచ్చాక గంట, మహా అయితే రెండు గంటలు. మళ్లీ గడ్డకట్టించకూడదు. వెచ్చజేసి ఫ్లాస్కులో పోసి ఉంచడం మాత్రం అస్సలు వద్దు. ఆ వెచ్చదనంలోనే సూక్ష్మజీవులు పెరుగుతాయి.

6. పట్టడం

పాలసీసా కన్నా ఉగ్గుగిన్నె, చెంచా శుభ్రం చేయడం తేలిక. మూలలు, పీకలు లేవు. బిడ్డను కొంచెం నిటారుగా ఒడిలో కూర్చోబెట్టి, అంచును కింది పెదవికి ఆనించి, తనే చప్పరించేలా కొద్దికొద్దిగా వంచాలి. గొంతులో పోయకూడదు. తాగడం అయ్యాక మిగిలినవి రెండు గంటల్లోపు పట్టకపోతే పారబోయండి. బిడ్డ ఎంగిలి కలిసిన పాలు తిరిగి ఫ్రిజ్‌లోకి వెళ్లకూడదు.

7. వాసన, కరెంటు కోత

ఫ్రీజర్ నుంచి తీసిన పాలకు కొందరిలో సబ్బు వాసన వస్తుంది. పాలల్లోనే ఉండే ఒక ఎంజైమ్ కొవ్వును విడగొట్టడం వల్ల అలా అవుతుంది. బిడ్డ తాగితే ఇబ్బందేమీ లేదు. పుల్లని, కుళ్లిన వాసన వేరు. అవి పారబోయాల్సినవే.

కరెంటు పోతే ముందు ఫ్రిజ్ తలుపు తీయడం ఆపండి. ఇంట్లో ఇన్వర్టరున్నా చాలాచోట్ల ఫ్రిజ్‌ను దానికి కలపరు. తలుపు మూసి ఉంచితే విడి తలుపున్న నిండు ఫ్రీజర్ దాదాపు 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చల్లదనం నిలుపుకుంటుంది. కరెంటు వచ్చాక ఒక్కో సీసా తీసి చూడండి. పాలల్లో ఇంకా మంచు పలుకులు ఉంటే తిరిగి ఫ్రీజర్‌లో పెట్టవచ్చు. పూర్తిగా కరిగినా చల్లగానే ఉంటే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటిలోపు వాడండి. చల్లదనం పోయి ఎంతసేపయిందో తెలియని సీసాను సింకులో ఒంపేయండి.