నాటక కళాకారుల చేతికి తెలియని డబ్బు వస్తే: మొదటిరోజు పనులు

తిరునాళ్ళు అయిపోయాక ఒంగోలు, కావలి, ఆత్మకూరు వైపు పద్యనాటకాలు ఆడేవాళ్ళకి, బుర్రకథ దళాలకి చేతిలో రొక్కం ఆడదు. వానలు పడితే పందిళ్ళు లేవవు, కాంట్రాక్టరు ఫోనెత్తడు, హార్మోనియం తిత్తి బాగుచేయించాలన్నా అప్పే. సరిగ్గా అలాంటప్పుడే ‘మీ ఖాతాలో 1,80,000 జమ’ అని మెసేజి వస్తుంది. లేదంటే ‘పాసుపుస్తకం, ఏటీఎం కార్డు, సిమ్ము నెలరోజులు ఇవ్వు, లక్షకి పదివేలు నీవి’ అంటూ ఒకడు ఇంటికే వస్తాడు. కళాకారుడి ఖాతా ఇలాంటి మోసగాళ్ళకి అనువైనది. ఎంత పడినా ‘చదివింపులు’ అని చెప్పుకోవచ్చు కదా అంటారు. ఇచ్చారంటే, ఆ ఖాతాలో జరిగే ప్రతి మోసానికీ మొదట పోలీసులు వచ్చేది మీ గడపకే. ఈ అడిగినదానికి ఒకటే జవాబు, ఇవ్వకూడదు.

డబ్బు పడిందన్న మెసేజిని నమ్మి కూర్చోవద్దు. పాసుపుస్తకం ప్రింటు వేయించండి, లేదా బ్యాంకు యాప్‌లో నిల్వ చూడండి. మామూలు పది అంకెల నంబరు నుంచి వచ్చింది బ్యాంకు మెసేజి కాదు. డబ్బు మీ ఖాతాలో పడటానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టమన్నారంటే మీ డబ్బే పోతుంది.

నిజంగానే పడిందనుకోండి. కాసేపటికి ఫోను వస్తుంది: ‘అన్నా, పొరపాటున పడింది, మా పాప ఆపరేషన్ డబ్బు, ఈ నంబరుకి కొట్టు.’ జాలిపడి కొట్టొద్దు. ఆ నంబరు పంపినవాడిది కాకపోవచ్చు. దొంగసొమ్ము చేతులు మారే గొలుసులో మీరు ఒక లంకె అవుతారు, అసలు పోగొట్టుకున్న మనిషికి పైసా చేరదు. వెనక్కి పంపాల్సింది బ్యాంకే, వచ్చిన దారిలోనే.

అదే రోజు, కుదరకపోతే బ్యాంకు తెరిచిన మొదటి రోజు, మీ బ్రాంచికి వెళ్ళి రెండు కాపీలు రాసివ్వండి: ‘ఫలానా తేదీన, ఇన్ని గంటలకి, ఈ నంబరు లావాదేవీతో నా ఖాతాలో ఇంత జమ అయింది. పంపినవారు నాకు తెలియదు. ఇది నా ప్రదర్శన పారితోషికం కాదు. ఇంతవరకు వాడలేదు. ఈ మొత్తం వరకే ఎవరూ తీయకుండా ఆపి (హోల్డులో పెట్టి), పంపిన ఖాతాకి తిరిగి పంపగలరు.’ యూపీఐ అయితే లావాదేవీ నంబరు 12 అంకెలు. రెండో కాపీ మీద ముద్ర, తేదీ, సంతకం తీసుకోకుండా కౌంటరు వదలొద్దు. రేపు మిమ్మల్ని కాపాడేది ఆ తేదీయే. అదే కాగితం నకలు పోలీస్ స్టేషన్లో ఇచ్చి రసీదు తీసుకోండి. మీ డబ్బే పోయుంటే మాత్రం వెంటనే 1930కి ఫోను చేయాలి.

చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. ఆ ఖాతాకి అప్పు కిస్తీ ఆటో డెబిట్ ఉంటుంది. మీరు తాకకపోయినా కిస్తీ ఆ డబ్బులోంచే కోసుకుంటుంది, ‘వాడలేదు’ అన్న మాట అబద్ధమైపోతుంది. హోల్డు అడిగేటప్పుడే కిస్తీ సంగతి కూడా చెప్పండి. డ్రెస్సుల అద్దెకి అయిదువేలు వాడి తర్వాత వేద్దామన్న ఆలోచనా వద్దు. పొరపాటున వచ్చిన సొమ్ము దురుద్దేశంతో వాడుకుంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 314 కింద ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా జైలు, జరిమానా. దొంగసొమ్మని తెలిసీ ఉంచుకుంటే 317 కింద మూడేళ్ళ దాకా.

ఖాతా మొత్తం ఫ్రీజ్ అయితే, అంటే ఆపేస్తే, గొడవపడొద్దు. ఏ స్టేషను ఆపమంది, ఫిర్యాదు నంబరెంత, ఎంత మొత్తం మీద అభ్యంతరం, ఈ మూడూ రాతపూర్వకంగా అడగండి. ఆ మొత్తం వరకే ఆపి మిగతాది వదలమని స్టేషనుకి రాయండి. ఫలితం లేకపోతే లాయరు ద్వారా మేజిస్ట్రేటు కోర్టులో అర్జీ వేయాలి.

నోట్లే దొరికితే దారి వేరు. ఆట ముగిసి కిరీటాల పెట్టె తెరిస్తే గుడ్డకింద కట్టలు కనిపించాయనుకోండి. లెక్కపెట్టకండి. ముఖానికేసిన రంగు ఇంకా వేళ్ళకి ఉంటుంది, నోటంచున ఎర్రమరక పడిందంటే చేయి పెట్టినట్టే. కట్టకి చుట్టిన కాగితం పట్టీ మీద బ్యాంకు ముద్ర, తేదీ ఉండొచ్చు. అది చిరిగితే సొంతదారుని పట్టుకునే ఆధారమే పోతుంది. మూత వేసి, కమిటీ పెద్దనొకరిని, హార్మోనిస్టుని సాక్షులుగా నిలబెట్టి, 112కి ఫోను చేయండి. పంచనామాలో ఏ నోట్లు ఎన్ని అని విడివిడిగా రాశాకే సంతకం పెట్టండి, ఖాళీ కాగితం మీద పెట్టొద్దు. 2024 జూలై 1 నుంచి వచ్చిన చట్టం ప్రకారం స్వాధీనాన్ని వీడియో తీయాలి, గుర్తుచేయడం తప్పుకాదు. దాచింది మీ మేళంలోవాడే అని తెలిస్తే అది కూడా చెప్పాలి, కష్టమే అయినా.

ఇక ఏడాది పొడుగునా చేయాల్సిన పని ఒకటుంది. ఒక నోటుబుక్కు పెట్టి ఊరు, తేదీ, బయానా, మిగతా పారితోషికం, చదివింపులు ఎవరు ఎంత ఇచ్చారో రాయండి. చదివింపులు మైకులో చదివేవాడి చీటీలు పారేయకుండా అదే పేజీకి పిన్ను కొట్టండి. మీ కష్టం డబ్బేదో, తెలియని డబ్బేదో విడదీసి చూపించడానికి ఆ చీటీలే సాక్ష్యం.